ఛత్రినాక డాబా మీద నల్ల బిళ్ళలు

పాతబస్తీకి వెళ్ళొచ్చానని తెలిశాక మా కాకినాడలో ప్రతివాళ్ళూ బిర్యానీ గురించే అడుగుతున్నారు. తిన్నాను, బాగుంది. చార్మినార్ ఎక్కారా అంటున్నారు. ఎక్కలేదు, కింద నిలబడి తలెత్తి చూశాను, మెడ పట్టేసింది. అసలు నేనక్కడికి వెళ్ళింది ఎనిమిది అద్దం బిళ్ళల్ని వానాకాలపు గాలికి వదిలేసి, అందులో ఏవి పాడవుతాయో, ఏవి నిలుస్తాయో చూడటానికి. ఆ మాట చెప్పగానే ఎదుటివాళ్ళు మళ్ళీ బిర్యానీలోకి వెళ్ళిపోతున్నారు. అందుకని ఇక్కడ రాస్తున్నాను. చదివేవాళ్ళు మధ్యలో మాట మార్చలేరు.

ఆ బిళ్ళ ఒక్కొక్కటీ పోస్టు స్టాంపంత ఉంటుంది. అద్దం మీద పల్చని నల్లపూత. సీజియం, సీసం, అయొడిన్ కలిసిన స్ఫటికం అది, పేరు పెరోవ్‌స్కైట్. ఎండ తగిలితే కరెంటిస్తుంది. మామూలు సోలార్ పలకలు చేయడానికి పెద్ద ఫ్యాక్టరీ, పెద్ద కొలిమి కావాలి. దీనికి మా ల్యాబు చాలు. ద్రావణం చుక్క వేసి గిర్రున తిప్పి, పెనం లాంటి దాని మీద వేడి చేస్తే తయారు. ఇన్ని సుగుణాలున్నదానికి ఒకటే రోగం. తేమ గాలి తగిలితే నల్లపూత పసుపుపచ్చగా మారిపోతుంది. అలా మారిందంటే ఇక ఎంత ఎండ కాసినా కరెంటు రాదు.

ఆ రోగానికి నేను వెతికిన వైద్యం డోపింగ్. అంటే సీసం ఉండాల్సిన చోట్లలో కొన్నిటిలో చిటికెడు మాంగనీసు చేర్చడం. డిగ్రీ కాలేజీలో పాఠాలు చెప్పుకుంటూ, పీహెచ్‌డీ కోసం సెలవుల్లో ల్యాబులో కూర్చుంటూ, ఆరేళ్ళుగా ఆ చిటికెడు దగ్గరే ఉన్నాను. మా ఆయన నన్నెవరికైనా పరిచయం చేయాల్సొస్తే "ఉప్పు సరిపోయిందో లేదో చూస్తుంటుంది" అంటాడు.

ల్యాబులో తేమ లేని పెట్టెలో నా బిళ్ళలు నిక్షేపంగా ఉన్నాయి. మా గైడు గారికి అది ఆనలేదు. "పెట్టెలో పెడితే ఏదైనా ఉంటుందమ్మా. వానాకాలంలో బయట పెట్టు. మాంగనీసు వేసినవి నిలిచి, వేయనివి పోతే ఆ అధ్యాయం ఉంచు. లేకపోతే తీసేయ్" అన్నారు. ఆ అధ్యాయం తీసేస్తే నా థీసిస్‌లో మిగిలేవి ముందుమాట, కృతజ్ఞతలు.

బిళ్ళల బలాన్ని సరిగ్గా కొలిచే యంత్రం హైదరాబాద్‌లో ఒక ల్యాబులో ఉంది. సోమవారం ఒకసారి, శుక్రవారం ఒకసారి రమ్మన్నారు. మధ్యలో బిళ్ళలు పెట్టుకోవడానికి ఒక డాబా కావాలి. మా ల్యాబులో నాకు జూనియర్ స్వాతి ఉంది, పాతబస్తీలో ఛత్రినాక అమ్మాయి. "మా ఇల్లుంది గద మేడమ్. మా అమ్మ మస్తు మంచిగ చూసుకుంటది" అంది. ఆ మాటలో ఎంత నిజముందో అప్పుడు నాకు తెలీదు.

ఒళ్ళో స్టీలు డబ్బా

రైల్లో ఆ బిళ్ళల్ని స్టీలు డబ్బాలో, చుట్టూ తేమ పీల్చే తెల్ల పొట్లాలు పేర్చి తీసుకెళ్ళాను. కొత్త చెప్పుల పెట్టెల్లో వస్తాయే, అవే పొట్లాలు. ఎదుటి సీటావిడ ఆవకాయేమో అనుకుని రాత్రి భోజనం వేళ రెండుసార్లు ఆశగా చూసింది. మూత తీయకపోయేసరికి నన్ను పిసినారి కింద జమకట్టి, తన గోంగూర పచ్చడి కూడా నాకు పెట్టలేదు.

స్టేషన్ నుంచి ఆటో. మూడొందలన్నాడు, రెండొందల యాభైకి దిగాడు. ఆదివారం పొద్దున కాబట్టి రోడ్లు ఖాళీ. ఎదురు అద్దంలోంచి నా ఒళ్ళో డబ్బానే చూస్తున్నాడు.

"ఏముంది మేడమ్ గండ్ల? గంత గట్టిగ పట్టుకున్నరు?"

"సోలార్ సెల్స్ బాబూ."

"గింత డబ్బాలనా? నా ఆటోకు పెడ్తే నడుస్తదా?"

"మీ హారన్ కూడా మోగదు."

"అయితే మనకొద్దు తియ్" అని నవ్వేసి, ఛత్రినాకలో దిగేటప్పుడు మాత్రం డబ్బా తనే అందుకుని, రెండు చేతులతో గుమ్మం దాకా తెచ్చి ఇచ్చాడు. మా ఊళ్ళో ఆటో దిగాక సామాను పాపం మనదే.

ఛత్రినాక

స్వాతి వాళ్ళమ్మ పేరు యాదమ్మ. నాకంటే నాలుగైదేళ్ళు పెద్దదై ఉంటుంది. మనిషి సన్నం, మాట గట్టి. భర్త బాలయ్య ఆర్టీసీ డిపోలో మెకానిక్. ఆయన రోజంతా బస్సుల చప్పుడులో ఉండొస్తాడు కాబట్టి ఇంట్లో అసలు మాట్లాడడు. ఆ లోటు యాదమ్మ తీరుస్తుంది. కింద రెండు గదులు, పైన డాబా, డాబా మీద మెట్ల గది. పిట్టగోడకి అవతల రఫియా వాళ్ళ డాబా. రఫియా బట్టలు కుట్టే మనిషి. రెండు ఇళ్ళకీ ఆ పిట్టగోడ పేరుకే.

బోనాలకి ఇంకో వారమే ఉంది. వీధంతా లొల్లి. ఒకచోట గుడికి రంగులు, ఒకచోట పందిరి గుంజలు, మైకు వాళ్ళు "హలో, హలో" అంటూ ఉన్న ఆ రెండు ముక్కలే రోజంతా పరీక్షిస్తున్నారు. నేను పెట్టె దించేలోపే యాదమ్మ సర్వపిండి పెట్టింది. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, కారం కలిపి గిన్నె లోపలి గోడకే అద్ది కాల్చే రొట్టె. మన పెసరట్టులా మెత్తగా ఉంటుందనుకుని కొరికితే పంటికింద కరకరలాడింది. నాలుగు తిన్నాను. ఐదోది వద్దంటే ఆవిడ మొహం చిన్నబోయింది, అదీ తిన్నాను.

సోమవారం పొద్దున ల్యాబుకెళ్ళి ఎనిమిదీ కొలిపించుకుని మధ్యాహ్నానికి తిరిగొచ్చి డాబా ఎక్కాను. ఒక చెక్క పలక మీద వరసగా బిళ్ళలు బిగించి తెచ్చుకున్నాను. నాలుగు మాంగనీసువి, నాలుగు ఉత్తవి. నీటిచుక్క నేరుగా పడితే ఏదీ మిగలదు కాబట్టి పైన అద్దం మూత, గాలి దూరేందుకు పక్కలన సందు. యాదమ్మ పక్కనే నిలబడి అంతా చూసింది.

"అక్కా, ఇందులో సీసం ఉంది, మంచిది కాదు. బిళ్ళల్ని ఎవరూ చేత్తో ముట్టుకోకూడదు."

"ముట్టొద్దంటే ముట్టం మేడమ్. ఎండకు పెడ్తున్నరా?"

"ఆఁ, ఎండకే" అన్నాను. ఎండతో కరెంటే కదా, అందులో అబద్ధం లేదు.

నా చీర కూడా ఉతికి పక్కనే దండెం మీద వేసుకున్నాను. సాయంత్రం చినుకులు పడి వెలిశాక వెళ్ళి చూస్తే చీర లేదు. పిట్టగోడ అవతల నుంచి రఫియా దాన్ని మడతపెట్టి, పైగా ఇస్త్రీ చేసి అందించింది. "బారిష్ ఆయీ గదా మేడమ్, తడుస్తదని లోపల పెట్టిన" అంది. ఎవరి డాబా మీద ఏది ఆరుతున్నా, చినుకు పడితే దగ్గరున్నవాళ్ళు తీసి లోపల పెట్టడం అక్కడి పద్ధతట. మా వీధిలో అయితే "ఏవండోయ్, వాన!" అని ఒక కేక వేస్తారు, తీసుకోవడం మానడం మన ఇష్టం. ఎంత మంచి మనుషులు అని మురిసిపోయాను. ఆ మురిపెంలో నా బుర్ర కాస్త కూడా పని చేయలేదు.

లాడ్ బజార్

ఆ సాయంత్రమే రఫియా నన్ను గాజులకి తీసుకెళ్ళింది. లాడ్ బజార్లో నడవడమంటే మనం నడవక్కర్లేదు, వెనకవాళ్ళు నడిపిస్తారు. రెండువైపులా లైట్ల కింద రాళ్ళ గాజులు మెరిసిపోతుంటే ఏది చూడాలో తెలీక నేను ఎదురుగా వస్తున్న బండినే గుద్దుకున్నాను. బండివాడు నన్ను తిట్టలేదు, "దేఖ్‌కే అమ్మా" అని పక్కకి జరిపాడు.

రఫియాకి తెలిసిన దుకాణం. నెరిసిన గడ్డం పెద్దాయన నా చెయ్యి పట్టుకుని కణుపుల దగ్గర నొక్కి చూసి, కొలత అడగకుండానే లక్క గాజులు తీశాడు. ఒక జత నాకు నచ్చింది కానీ వదులు. చెయ్యి కిందకి దించితే జారిపోతోంది. "బొగ్గుల మీద వేడి జేసి జర చిన్నగ జేస్తం, ఫికర్ లేదు" అని లోపలికి పంపించాడు. అది వచ్చేలోపు కూర్చోబెట్టి ఏం చేస్తుంటావమ్మా అని అడిగాడు.

నాకు ఆ ప్రశ్న వేస్తే ఇక నన్ను ఆపడం కష్టం. గాజే చూపించి చెప్పాను. "మా స్ఫటికంలో సీసం, అయొడిన్ కలిసి చిన్న గూళ్ళు కడతాయి. సీజియం ఆ గూట్లో కూర్చోవాలి. గూడు ఈ గాజులాగే వదులు, సీజియం దానికి చిన్నది. పట్టు ఉండదు. తేమ తగిలితే గూడు కాస్తా ఒరిగిపోతుంది, నల్లది పసుపుపచ్చ అవుతుంది."

"అయితే చెయ్యి లావు జేస్తరా, గాజు చిన్నగ జేస్తరా?"

"గాజే. సీసం కంటే మాంగనీసు చిన్నది. అక్కడక్కడా అది కూర్చుంటే గూడు కొంచెం బిగుస్తుంది."

"బిగిస్తే నిలుస్తదా?"

"అదే చూడటానికొచ్చాను."

"ఇన్షా అల్లా నిలుస్తది" అని, ఆ ధైర్యం ఇచ్చినందుకేమో నాలుగొందలు చెప్పాడు. రఫియా తన భాషలో ఏదో అంది, పెద్దాయన నవ్వాడు, రెండొందల ఎనభైకి తెగింది. వేడి తగ్గని గాజులు చేతికెక్కించుకుని, పక్క సందులో మలాయి వేసిన లస్సీ తాగి ఇంటికొచ్చాం. మెట్లెక్కి టార్చి వేసి చూశాను. పలక ఉన్నచోటే ఉంది. ఎనిమిదీ నల్లగా నిగనిగలాడుతున్నాయి. మొదటి రోజే కదా అనుకుని పడుకున్నాను.

సంతోష్‌నగర్‌లో వాన

మంగళవారం నా మీటరు బ్యాటరీ చచ్చిపోయింది. పెద్ద యంత్రం ల్యాబులో ఉన్నా, రోజూ సాయంత్రం బిళ్ళలు బతికున్నాయో లేదో చేతిమీటరుతో నేనే చూసుకోవాలి. వీధిలో ఆ రకం బ్యాటరీ లేదు. "సంతోష్‌నగర్‌ల దొరుకుతది" అన్నాడు బాలయ్య. రెండు రోజుల్లో ఆయన నాతో అన్న మొదటి మాట అది, అందుకని గౌరవంగా వెళ్ళాను.

బ్యాటరీ దొరికింది. బయటికి రాగానే వాన పట్టుకుంది. పక్కనే చాయ్ హోటల్లో దూరాను. ఒక బల్ల దగ్గర ఒక పెద్దాయన, రిటైరైన లెక్కల మాస్టారట, చోటిచ్చారు. చాయ్ సాసర్లో పోసుకుని ఊదుకుంటూ తాగుతున్నారు. నేను అలా తాగబోతే సగం నా కొత్త గాజుల మీద పడింది. బిస్కెట్ ముంచితే సగం కప్పులోనే ఉండిపోయింది. "ఆదతు లేదు మీకు" అని చెంచా తెప్పించి ఇచ్చారాయన. మా ఊళ్ళో చాయ్ పని ముగించుకుని పోయేందుకు తాగుతాం. ఇక్కడ చాయ్ అయ్యాక కూడా ఎవరూ లేవరు.

వాన ఇంకా పెరిగింది. నేను సంతోషం పట్టలేక "పడాలి, బాగా పడాలి" అని పైకే అనేశాను. పక్క బల్లవాళ్ళు తిరిగి చూశారు.

"బోనాల పందిర్లు ఏస్తుంటే వాన పడాల్నంటరేందమ్మా?" అన్నాడొకాయన.

"మా డాబా మీద ఒక పని ఉందండీ."

"ఆరబెట్టిన్రా ఏమన్నా?"

"ఆఁ."

"అయితే ఉరకాలె గద! కూసున్నరేంది?"

నవ్వి ఊరుకున్నాను. ఆయన మాత్రం నేను వెళ్ళేదాకా నన్ను జాలిగా చూస్తూనే ఉన్నాడు.

రోడ్డు మీద నీళ్ళలోంచి ఈదుకుంటూ ఇంటికొచ్చాను. ఛత్రినాకలోనూ వీధి తడిసి ముద్దయింది. వాన వెలిసి సాయంత్రమైంది. డాబా ఎక్కి మీటరు పెట్టాను. మాంగనీసు బిళ్ళలు నాలుగూ బాగున్నాయి. అమ్మయ్య అనుకున్నాను. ఉత్త బిళ్ళలకి పెట్టాను. అవీ నాలుగూ బాగున్నాయి. నల్లగా, నిండుగా, పెళ్ళికొచ్చిన చుట్టాల్లా ఉన్నాయి.

ఇందులో బాధేమిటని మీకనిపించొచ్చు. ఉత్తవి కూడా వానలో నిలిచాయంటే మాంగనీసు వేసి నేను సాధించిందేమీ లేదని అర్థం. మా గైడు గారికి ఫోన్ చేశాను. ఆయన "ఉత్తవి పోవాలి కదమ్మా. పోలేదంటే మాంగనీసు చేసిందేముంది? శుక్రవారం దాకా చూడు. ఇలాగే ఉంటే అధ్యాయం వదిలేద్దాం" అన్నారు. గొంతులో కోపం లేదు. కోప్పడితే బాగుండేది.

ఆరేళ్ళు. నా పిల్లాడు ఆరో తరగతి నుంచి ఇంటర్‌కొచ్చాడు, నేను ఈ చిటికెడు దగ్గరే ఉన్నాను. అన్నం ముందు కూర్చుంటే ముద్ద దిగలేదు. జొన్నరొట్టె, పచ్చిపులుసు, యాదమ్మ వేడివేడిగా పెట్టింది. మన చారులా కాచరు దాన్ని, చింతపండు పులుసులో ఉల్లిపాయలు, పచ్చిమిర్చి పిసికి అలాగే పోస్తారు. ఇంకో రోజైతే గిన్నె ఎత్తి తాగేదాన్ని.

"ఏమైంది మేడమ్? గా బిళ్ళలు ఖరాబైనయా?"

"లేదక్కా. అన్నీ బాగున్నాయి."

"బాగుంటయ్. ఎందుకుండయ్?" అంది యాదమ్మ. ఆ మాటలో ఏదో గర్వం వినిపించింది. నా ఏడుపులో నేనున్నాను, పట్టించుకోలేదు.

బుధవారం పొద్దున

నిద్ర పట్టక తెల్లారుతుండగానే లేచి డాబా మీదకెళ్ళాను. పలక లేదు.

ఒక్క క్షణం నేను తప్పు డాబా మీదకొచ్చానేమో అనుకున్నాను. తర్వాత అరిచాను. ఎంత గట్టిగా అరిచానంటే, కింద మైకువాళ్ళు "హలో" అనడం ఆపేశారు. పావురాలు లేచాయి. రెండిళ్ళ అవతల ఒకాయన పళ్ళు తోముకుంటూ "ఏంది? కోతి వచ్చిందా?" అని అడిగాడు. రఫియా పరుగెత్తుకుంటూ పిట్టగోడ దగ్గరకొచ్చింది.

"క్యా హువా మేడమ్?"

"నా పలక పోయింది రఫియా! ఎవరో ఎత్తుకెళ్ళారు!"

"అరె, పోలేదు. యాదమ్మ తీస్కపోతది గదా రోజూ."

"రోజూనా?"

అప్పుడే యాదమ్మ మెట్లెక్కి వస్తోంది. ఒక చేతిలో చీపురు, ఇంకో చేతిలో నా స్టీలు డబ్బా. ఏ తొందరా లేకుండా డబ్బా కింద పెట్టి, మూత తీసి, పాత గుడ్డతో అంచులు పట్టుకుని పలక బయటికి తీసి, ఉన్నచోటే పెట్టింది.

"గింత పొద్దుగాల్నే లేసినవేంది మేడమ్?" అంది.

నేను అడిగేలోపే ఆవిడే చెప్పింది. సోమవారం చినుకులు పడగానే లోపల పెట్టిందట. వెలిశాక మళ్ళీ తెచ్చిందట. రాత్రి మంచు పడుతుందని మేం పడుకోగానే తీసి, పొద్దున ఊడ్చేటప్పుడు తెచ్చి పెట్టేదట. నిన్న మొగులు పట్టిందో లేదో, చినుకు పడకముందే దింపేసిందట.

"ఎక్కడ పెట్టారక్కా?"

"నీ డబ్బాలనే, గా తెల్ల పొట్లాల మధ్యల. డబ్బా బీరువాల పెట్టిన, పట్టుచీరెల కాడ. గాడ తడి ఉండది. బిళ్ళలను ముట్టలే, ఒట్టు. పలకనే పట్టిన, గుడ్డతోని."

ముట్టుకోవద్దన్నాను, ముట్టుకోలేదు. ఎండకన్నాను, ఎండలోనే ఉంచింది. తడపడానికి పెట్టానని నేను చెప్పనేలేదు. ల్యాబులో మాకు అది చెప్పాల్సిన విషయం కాదు. బయట పెట్టామంటేనే తెగించి పెట్టామని. అది ల్యాబులో లేనివాళ్ళకెలా తెలుస్తుంది? కోపం రావాల్సిన చోట నాకు నవ్వొచ్చింది. ఉత్త బిళ్ళలు నిలిచింది పాతబస్తీ గాలికి కాదు, యాదమ్మ బీరువాకి. నా మాంగనీసు ఇంకా ఓడిపోలేదు. ఆవిణ్ణి గట్టిగా పట్టుకుని ఊపేశాను. చీపురు కింద పడింది.

తర్వాత కూర్చోబెట్టి అసలు సంగతి చెప్పాను. ఇవి తడి గాలిలోనే ఉండాలి, ఈ నాలుగు పాడైపోవాలి, ఆ నాలుగు నిలవాలి, అప్పుడే నా చదువు నిలుస్తుంది అని. యాదమ్మ మొత్తం విని, మొహం ముడుచుకుంది.

"మంచిగున్నవాటిని కావాల్నని ఖరాబు జేస్తరా?"

"పరీక్ష అక్కా."

"ఏం పరీక్షనో" అని చీపురు తీసుకుని కిందకెళ్ళిపోయింది. రెండు రోజులుగా అంత జాగ్రత్తగా చూసుకున్నదాన్ని తప్పన్నట్టయింది కదా, మనసు కష్టపెట్టుకుంది. ఆ రోజు నాకు సర్వపిండి రెండే పెట్టింది.

గురువారం వాన

బుధవారమంతా ఎండ. మబ్బుతునక లేదు. వీధిలో పందిరి వాళ్ళు సంతోషంగా మేకులు కొట్టుకుంటుంటే, నేను డాబా మీద ఆకాశం కేసి చూస్తూ తిట్టుకున్నాను. గురువారం మధ్యాహ్నం ఉక్కపోసింది, గాలి ఆగింది, ఆ తర్వాత ఒక్కసారిగా కురిసింది.

నేను మెట్ల గదిలో గుమ్మం దగ్గర కూర్చున్నాను. వెనకే యాదమ్మ వచ్చింది. రఫియా అటువైపు పరుగున వచ్చి తన బట్టలు తీసుకుని, ఆ చేత్తోనే అలవాటుగా మా పలక మీదకి వంగింది. నేనూ యాదమ్మా ఇద్దరం ఒకేసారి "ముట్టొద్దు!" అని అరిచాం. రఫియా బిత్తరపోయి బట్టలు సగం జారవిడిచింది. అవి తడిసినందుకు తర్వాత మా ఇద్దరికీ చీవాట్లు పడ్డాయి.

అద్దం మూత మీద వాన టపటపా కొడుతోంది. యాదమ్మ కూర్చుంది, లేచింది, మళ్ళీ కూర్చుంది. నేను ఆవిడ చెయ్యి పట్టుకున్నాను.

"గిట్ల చూసుకుంట కూసునుడేంది చెల్లె? పానం ఒప్పుతలేదు" అంది. మేడమ్ పోయి చెల్లె అయింది, అది అప్పుడు ఇద్దరం గమనించలేదు.

వాన సన్నబడ్డాక దగ్గరకెళ్ళి చూశాం. ఉత్త బిళ్ళల్లో ఒకదానికి మూలన పసుపుచుక్క. చూస్తుండగానే చుక్క మచ్చయింది. చీకటిపడే వేళకి నాలుగూ పసుపుపచ్చగా, ఉడికించిన పెసరపప్పులా అయిపోయాయి. మీటరు పెడితే సున్నా. పక్కన మాంగనీసు బిళ్ళల్లో మూడు నల్లగా చెక్కుచెదరకుండా ఉన్నాయి. నాలుగోదానికి అంచున ఒక గీత మాత్రం పసుపు. నేను చిన్నపిల్లలా గెంతాను. తడి గచ్చు మీద జారి కూలబడి, అక్కడే కూర్చుని నవ్వాను.

యాదమ్మ నవ్వలేదు. కొంగుతో కళ్ళు తుడుచుకుంటోంది.

"గా నాలుగేం పాపం జేసినయ్ చెల్లె? గా చిటికెడేదో వీటికి గూడ ఎయ్యరాదా?"

"వేస్తే అన్నీ నిలిచేవక్కా. అప్పుడు మాంగనీసు వల్లే నిలిచాయని ఎవరు నమ్ముతారు?"

"నమ్మనోళ్ళ కోసం మంచియి ఖరాబు జేస్తరా?"

దీనికి పుస్తకాల్లో జవాబుంది. పిల్లలకి నేనే పాఠం చెబుతాను. ఆవిడ మొహం చూస్తూ మాత్రం చెప్పలేకపోయాను. ఆ నాలుగూ నా చేత్తో చేసినవే. పోవడం కోసమే చేశాను, పోతే గెంతాను. ఆ సంతోషం మధ్యలో మొదటిసారి వాటిమీద నాకు జాలేసింది.

వెనక్కి

శుక్రవారం ల్యాబులో యంత్రం నా మీటరు చెప్పిందే చెప్పింది. మూడు మాంగనీసు బిళ్ళలు దాదాపు సోమవారం ఉన్నట్టే ఉన్నాయి, నాలుగోది కొంచెం తగ్గింది. బయటికొచ్చి గైడు గారికి ఫోన్ చేశాను.

"శభాష్. మొత్తం ఎన్నాళ్ళు బయటున్నాయి?"

నాలుగు రోజులంటే సరిపోయేది. నోటిదాకా వచ్చింది కూడా.

"రెండే రోజులు సార్. అంతకుముందు వాన పడ్డప్పుడల్లా, రాత్రిళ్ళూ బీరువాలో ఉన్నాయి."

"ఎక్కడా?"

"బీరువాలో సార్. పట్టుచీరల మధ్య."

అంతా చెప్పాను. ఆరేళ్ళలో ఆయన అంత గట్టిగా నవ్వడం నేను వినలేదు. నవ్వయ్యాక, "రెండు రోజులు చాలదమ్మా. పలక అక్కడే ఉంచి రా. ఇంకో రెండు వారాలు నల్లగా నిలిస్తే ఆ అధ్యాయం నీది" అన్నారు.

యాదమ్మ చేతిలో పలక పెట్టడమంటే నాకు భయమే. అయినా ఇంకెవరి చేతిలో పెడతాను? వెళ్ళి చెప్పాను. ఎంత వాన పడినా తీయకూడదు, రాత్రి తీయకూడదు, గడువు ముగిశాక రఫియా ఫోన్లో ఫొటో తీసి పంపాలి. యాదమ్మ ఒకసారి పలక కేసి, ఒకసారి ఆకాశం కేసి చూసింది. చివరికి "ఎల్లమ్మ తల్లి మీద ఒట్టు, తియ్య" అంది. ఆదివారం బోనం ఎత్తేదాకా ఉండమని ఎంతో బతిమాలింది. కాలేజీ సెలవు అయిపోయింది, ఉండలేకపోయాను. శనివారం ఆటో ఎక్కుతుంటే బాలయ్య వచ్చి నా చేతిలో సకినాల పొట్లం పెట్టి, "పైలం" అన్నాడు, జాగ్రత్త అని. ఆ వారంలో ఆయన రెండో మాట.

మొన్న పొద్దున యాదమ్మ ఫోన్ చేసింది. రెండు వారాల గడువు ఆ రోజుతో ముగిసింది. హలో అనే ముందే మొదలుపెట్టింది.

"మస్తు వానలు పడ్డయ్ చెల్లె. ఒక్కసారి గూడ తియ్యలే. చూస్తే మనసాగదని వాన మొదలైతే లోపల గొళ్ళెం పెట్టుకొని కూసునుడే. మీ బావ నవ్విండు నన్ను."

"బిళ్ళలెలా ఉన్నాయక్కా?"

"మూడు నల్లగనే ఉన్నయ్. గా అంచు పోయిన నాలుగోది గట్లనే ఉన్నది, ముంగటికి పోలే. రఫియా ఫొటో పంపింది, చూడు."

చూశాను. నల్లగా ఉన్నాయి. వంటింట్లో స్టవ్ ఆపేసి, స్టూలు మీద కూర్చుని, ఏడ్చాను. అధ్యాయం ఉంటుంది. ఆరేళ్ళూ ఉంటాయి. కాసేపటికి ఫొటోలో సగం పలక ఖాళీగా ఉందని గమనించాను.

"అక్కా, పసుపువి నాలుగూ ఏవి?"

యాదమ్మ గొంతు తగ్గించింది.

"గవి లోపల పెట్టిన చెల్లె. గుడ్డతోనే పట్టి తీసిన, ముట్టలే. డబ్బాల పెట్టి, మూత బిగిచ్చి, బీరువాల పెట్టిన. వాటి పరీక్ష అయిపాయె గద."